ఎంత లోతుకని తవ్వుతాం?

నలభై దాటిన మనిషిని మూడు ప్రశ్నలు సరిగ్గా నిద్రపోనివ్వవు. అనుకున్నది సాధించానా? ఇంతవరకూ వచ్చాను కదా, ఇక చాలనుకోవాలా? ఈ పరుగులో పడి ఇంట్లోవాళ్లకి ఏం మిగిల్చాను?

వీటికి తోడు రోజుకో కొత్త టెక్నాలజీ. కంప్యూటర్ చేతికి అలవాటయ్యేసరికి స్మార్ట్‌ఫోన్ వచ్చింది. దాని సంగతి తెలుసుకునేలోగా కృత్రిమ మేధ వచ్చి కూర్చుంది. మనం గంటసేపు చేసే పనిని పక్క సీటు కుర్రాడు పది నిమిషాల్లో ముగించి టీకి వెళ్తాడు. ఇంటికొస్తే ఫోన్‌లో బిల్లు కట్టడం నేర్పుతూ 'ఎన్నిసార్లు చెప్పాలి నాన్నా' అని అమ్మాయి విసుక్కుంటుంది. మనసు చివుక్కుమంటుంది.

ఇదంతా ఆఫీసుల్లో పనిచేసేవాళ్ల బాధే అనుకోకండి. అనంతపురం నుంచి కదిరి వెళ్లే దారిలో బత్తలపల్లె ఉంది. 2022లో జిల్లాల విభజనతో శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. ఆ చుట్టుపక్కల నడివయసు రైతులకూ ఈ కథ తెలుసు. కాకపోతే వాళ్ల దగ్గర దాని పేరు బోరు!

రిగ్గు లారీ వచ్చిన రోజు

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. ఒకప్పుడు కపిలతో బావి నీళ్లు తోడేవారు. తర్వాత మోటార్లు వచ్చాయి. బావులు అడుగంటాక బోర్లు వచ్చాయి. రిగ్గు లారీ పొలంలోకి వచ్చిందంటే ఇంటిల్లిపాదీ గట్టు మీదే. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని ఒకాయన నీళ్ల జాడ చూపిస్తాడు. టెంకాయ కొట్టి పని మొదలెడతారు. అడుగుకింత అని ఖర్చు పెరుగుతూ ఉంటుంది. నీళ్లకు బదులు తెల్లటి దుమ్ము లేస్తుంది. 'ఇంకో యాభై అడుగులు చూద్దాం' అంటాడు ఇంటాయన. ఆ యాభై అడుగుల కోసమే ఇంటావిడ మెడలో గొలుసు తాకట్టుకు వెళ్తుంది.

మనం మాత్రం తక్కువ తిన్నామా? ప్రమోషన్ వచ్చాక పిల్లలతో గడుపుదాం. ఇంటి అప్పు తీరాక అమ్మానాన్నల దగ్గరికి వెళ్దాం. ఇవన్నీ ఆ యాభై అడుగుల్లాంటివే. పడిందా, బంగారమే. పడకపోతే పోయిన ఏళ్లను ఏ తాకట్టు కొట్టూ వెనక్కివ్వదు.

మిగిలిన నీళ్లు ఎవరికి?

2003లో ఉమ్మడి రాష్ట్రంలో సూక్ష్మ సేద్యం పథకం మొదలైంది. సబ్సిడీతో డ్రిప్పు ఊళ్లలోకి వచ్చింది. కాలువలో పారిస్తే దారిలోనే ఇంకిపోయే నీళ్లు, సన్నటి గొట్టాల్లోంచి చుక్కచుక్కగా చీనీ చెట్టు మొదట్లో పడ్డాయి. డ్రిప్పు కొత్తగా నీళ్లు పుట్టించదు. ఉన్నవాటిని వేరుకు చేరుస్తుంది. అంతే.

ఇక్కడే ఓ మెలిక ఉంది. నీళ్లు మిగిలాయి కదా అని రెండెకరాల తోటను నాలుగెకరాలు చేస్తే, బోరు మీద భారం మళ్లీ మొదటికొస్తుంది. పరికరం నీళ్లను మిగల్చగలదు. మిగిలినవాటిని ఏం చేయాలో మాత్రం రైతే తేల్చుకోవాలి.

మన ఇళ్లలోనూ అంతే. బ్యాంకులో క్యూ తప్పింది. కరెంటు బిల్లు కోసం ఎండలో నిలబడే పని తప్పింది. రైలు టికెట్టు మంచం మీద కూర్చునే తీసుకుంటున్నాం. మరి ఆ మిగిలిన గంటలన్నీ ఏమైపోయాయి? ఇంకొంత ఆఫీసు పని, ఇంకొన్ని వీడియోలు తాగేశాయి.

నలభై తొమ్మిదిలో మొదలు

అలాగని ఆశయాలను మూటగట్టి అటకెక్కించమని కాదు. అందుకు బత్తలపల్లెలోనే సాక్ష్యం ఉంది. విన్సెంట్ ఫెర్రర్ 1920లో బార్సిలోనాలో పుట్టారు. 1952లో జెసూట్ మిషనరీగా మన దేశానికి వచ్చారు. మహారాష్ట్రలోని మన్మాడ్ ప్రాంతంలో రైతులు బావులు తవ్వుకోవడానికి సాయపడ్డారు. ఆయన పలుకుబడి కొందరికి గిట్టలేదు. 1968లో దేశం విడిచి వెళ్లాల్సి వచ్చింది. ఇంకొకరైతే 'నా వంతు చేశాను' అని ఊరుకునేవారేమో! ఆయన 1969లో తిరిగొచ్చి, అనంతపురంలో మళ్లీ మొదటి నుంచీ మొదలుపెట్టారు. అప్పుడాయన వయసు 49.

1970లో మఠాన్ని వీడి, ఇంగ్లండుకు చెందిన పాత్రికేయురాలు ఆన్ పెర్రీని పెళ్లాడారు. ముగ్గురు పిల్లలు. ఆ దంపతుల పనే ఆర్డీటీగా జిల్లా అంతా పరుచుకుంది. బత్తలపల్లె ఆస్పత్రి మొదలైంది 2000లో. అంటే ఎనభయ్యో పడిలో అడుగుపెట్టేవేళ! 2009లో ఆయన కన్నుమూశాక సమాధి చేసిందీ ఈ ఊళ్లోనే. తర్వాత ఆన్, కుమారుడు మాంచో ఆ బాధ్యతలు భుజాన వేసుకున్నారు.

ఆయన చోటు మార్చుకున్నారు, జీవితం మార్చుకున్నారు, ఆశయాన్ని మార్చుకోలేదు. ఇంటినీ పనినీ వేర్వేరు గదుల్లో పెట్టలేదు. కృతజ్ఞత సంగతీ ఇక్కడే నేర్చుకోవచ్చు. స్పెయిన్‌లో ఎవరో నెలనెలా పంపే డబ్బుతో ఇక్కడి పిల్లలు చదువుకున్నారు. అలా చదువుకున్నవాళ్లు 'నాకు అందింది చాలు' అనుకుంటే అది తృప్తి. 'ఇంకొకరికి అందాలి' అనుకుంటే అది కృతజ్ఞత. అది ఆశయానికి అడ్డు కాదు, ఆసరా.

అయితే ప్రతి ఇల్లూ ఫెర్రర్ ఇల్లు కాదు. భర్త ఆశయమే భార్య ఆశయం కావాలన్న రూలు లేదు. భార్య ఆశయానికి ఇంట్లో చోటుందో లేదో చాలామంది భర్తలు అడిగి ఉండరు. కాబట్టి అడగండి. గొలుసు తాకట్టుకు వెళ్లాక కాదు, రిగ్గు లారీని పిలవకముందే అడగండి.

ఈ ఆదివారం ఓ కాగితం తీసుకోండి. సెల్‌ఫోన్ వల్ల వారంలో ఎన్ని గంటలు మిగిలాయో రాయండి. వాటిలో ఒకటి కొత్త విద్య నేర్చుకోవడానికి, ఒకటి మీకు సాయపడినవాళ్లని పలకరించడానికి, మిగిలినవి ఇంటికి. అమ్మాయి విసుక్కుంటే చిన్నబుచ్చుకోకండి. పలక మీద అక్షరాలు దిద్దించినప్పుడు మీరు ఎన్నిసార్లు చెప్పారో గుర్తు చేయకండి కూడా. బుద్ధిగా నేర్చుకోండి. గురుదక్షిణగా ఓ గంట ఆమె కబుర్లు వినండి.