ఎముక అతకడానికి మూడు నెలలు, మనకిచ్చేది ఎన్నాళ్ళు?

గుండె ఆపరేషన్ అయిన మనిషిని చూడ్డానికి పోతే మనం అడిగే మొదటి మాట ఏంటి? "మళ్ళీ డ్యూటీకి ఎప్పుడు?" నేనూ అదే అడిగాను. ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ అడిగాను. రాయచోటి వైపు తమ్ముడు, అమ్ఘరాలో సక్రాబ్ యార్డులో పని. చెస్ట్ హాస్పిటల్లో బైపాస్ చేశారు, బాగా చేశారు. వారం దాటాక ఇంటికి పంపుతూ మూడు నెలలు బరువు పని వద్దని కాగితం రాసిచ్చారు. ఇల్లంటే ఏంటో మీకు చెప్పక్కర్లేదు. ఎనిమిది మంది ఉండే రూము, ఒకదాని మీద ఒకటి మంచాలు. అతనిది పైమంచం.

ముందు ఆ మూడు నెలలు దేనికో తెలుసుకోండి. ఈ ఆపరేషన్లో ఛాతీ మధ్య ఎముకని నిలువునా కోస్తారు. పని అయ్యాక స్టీలు తీగెలతో కట్టి మూస్తారు. పైన చర్మం రెండు మూడు వారాల్లో మానిపోతుంది, మనిషి తేరుకున్నట్టే కనిపిస్తాడు. మోసం అక్కడే ఉంది. లోపల ఎముక అతుక్కోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, పూర్తిగా గట్టిపడడానికి మూడు నెలలు. ఆ లోపు చేతులు ఊని పైకి లేచినా, బరువు ఎత్తినా, తలుపు బలంగా లాగినా ఆ భారం తీగెల మీదే పడుతుంది. మొదటి వారాల్లో రెండు మూడు కిలోలు మించి ఎత్తొద్దంటారు డాక్టర్లు. మన రూముల్లో నీళ్ళ క్యానే దగ్గర దగ్గర ఇరవై కిలోలు.

పైమంచానికి నిచ్చెన ఎక్కాలంటే రెండు చేతులతో ఒంటిని పైకి లాక్కోవాలి. సరిగ్గా ఆ పనే చెయ్యకూడదు. ఆ తమ్ముడు నాలుగు రాత్రులు అలాగే ఎక్కాడు. కిందమంచం ఎవరినీ అడగలేదు, మొహమాటం. కింద పడుకునేవాళ్ళకి తోచలేదు. అదే రూము వాళ్ళు అతని కోసం మూడు రోజుల్లో చందా వసూలు చేశారు! డబ్బివ్వడానికి వెనకాడని మనం మంచం మార్చడం మర్చిపోతాం. కంపెనీని అనే ముందు ఈ మాట మనకి మనం చెప్పుకోవాలి.

రూములో వాళ్ళకి ఇంకొన్ని తెలియాలి. దగ్గు వచ్చినప్పుడు దిండుని ఛాతీకి గట్టిగా హత్తుకుని దగ్గాలి, అమ్ఘరా దుమ్ములో దగ్గు రాక మానదు. మూడు బంతుల డబ్బా ఇస్తారే, అది ఊపిరి లోపలికి పీల్చడానికి, బీరువాలో దాచడానికి కాదు. రోజూ నడవాలి. లారీలు తిరిగే రోడ్డు మీద కాదు, తెల్లారకముందే క్యాంపు వరండాలో అటూ ఇటూ. షుగరు ఉంటే అదుపులో పెట్టాలి, లేకపోతే గాయం మానదు. ఆ రూములో సిగరెట్టు ఎవరూ కాల్చొద్దు. జ్వరం, కుట్ల దగ్గర ఎరుపు, చీము, ఛాతీలో టిక్కుమనే చప్పుడు, ఆయాసం: వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకండి, జహ్రా హాస్పిటల్‌కి తీసుకుపోండి.

ఇక లెక్కకి వస్తా. బీకామ్ చదివినవాణ్ణి, నాకు తెలిసింది అదే. కువైట్ కార్మిక చట్టం, 2010 నాటి 6వ నంబరు, 69వ అధికరణం. ఏడాదిలో జబ్బు సెలవు ఇలా: మొదటి 15 రోజులు పూర్తి జీతం, తర్వాత 10 రోజులు ముప్పావు, 10 రోజులు సగం, 10 రోజులు పావు, చివరి 30 రోజులు సున్నా. కూడి చూడండి. మొదటి 45 రోజుల రెస్టుకి చేతికొచ్చేది 30 రోజుల జీతం. మొత్తం సెలవు 75 రోజులు. డాక్టరు రాసింది 90.

జ్వరానికీ టైఫాయిడ్‌కీ ఈ లెక్క చాలు. కోసి కట్టిన ఛాతీకి చాలదు. నా అభిప్రాయంలో పెద్ద ఆపరేషన్లకి వేరే మెట్లు ఉండాలి. డబ్బు ఎక్కువ కావలసిన రెండో నెలలోనే జీతం పావుకి దిగి, ఆ తర్వాత సున్నా అయితే మనిషి ఏం చేస్తాడు? నలభయ్యో రోజుకి యార్డులో కనిపిస్తాడు. మన ఆంధ్రలో 2019 డిసెంబర్లో ఆరోగ్య ఆసరా అని మొదలుపెట్టారు. ఆపరేషన్ అయినవాళ్ళకి డాక్టరు చెప్పిన రెస్టు కాలానికి రోజుకి 225 రూపాయలు, నెలకి 5,000 మించకుండా. చిన్న మొత్తమే. కానీ రెస్టు అంటే పోయిన కూలి అని ఒక ప్రభుత్వం లెక్కలో రాసుకుంది. ఇక్కడ కంపెనీలని మనం అడగాల్సింది అదే.

చట్టం మారేదాకా ఉన్నది వాడుకోండి. 30 రోజుల వార్షిక సెలవు మిగిలి ఉంటే, తక్కువపడ్డ 15 రోజులు అందులోంచి అడగండి, అది జీతంతో ఉండే సెలవు. జబ్బు సెలవు కాగితం కంపెనీ చూపించిన డాక్టరు దగ్గరో ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలోనో తీసుకోవాలి, ఇద్దరి మాట వేరైతే ప్రభుత్వ డాక్టరు మాటే చెల్లుతుంది. సెలవులో ఉన్నవాణ్ణి ఉద్యోగం నుంచి తీసే హక్కు కంపెనీకి లేదు, 45వ అధికరణం.

అందుకే వాళ్ళు తియ్యరు, మీ చేతే రాయిస్తారు. ఆ తమ్ముడి మంచం దగ్గరికి మందూబ్ అరబ్బీ కాగితం తెచ్చి "సెలవు కాగితం, సంతకం పెట్టు" అన్నాడు. అదృష్టం కొద్దీ పక్క రూములో అరబ్బీ చదివేవాడు ఉన్నాడు. పైన "ఇస్తిఖాలా" అని ఉంది. రాజీనామా. ఆ మాట గుర్తుపెట్టుకోండి. 150 దీనార్ల నెల జీతం మీద నాలుగేళ్ళు చేసినవాడికి సర్వీసు డబ్బు, 26తో భాగించి ఏడాదికి 15 రోజుల చొప్పున, సుమారు 346 దీనార్లు. రాజీనామా అయితే సగం, 173. అదే, ఇక ఈ పని చెయ్యలేడనో జబ్బు సెలవులు అయిపోయాయనో ప్రభుత్వ వైద్యుల కాగితంతో ముగిస్తే పూర్తిగా రావాలి, 49, 52 అధికరణాలు. ఒక్క సంతకానికి 173 దీనార్లు!

సరుకు మీదపడో ఫోర్క్‌లిఫ్ట్ తగిలో ఛాతీకి ఆపరేషన్ అయిందా, లెక్క పూర్తిగా వేరు. అది పని ప్రమాదం. చికిత్స కాలంలో ఆరు నెలల దాకా పూర్తి జీతం, ఆపైన సగం. పోలీస్ స్టేషన్లో రిపోర్టు రాయించకుండా వదలొద్దు. ఇదంతా 18 నంబరు వీసా వాళ్ళకి. ఇంటిపని వాళ్ళది 2015 నాటి 68వ నంబరు చట్టం, వాళ్ళు విడిగా అడగండి.

ఊరికి పోయి కోలుకుంటానంటే మంచిదే, అమ్మ చేతి అన్నం ముందు ఈ రూము ఎంత. తిరుపతి స్విమ్స్ లాంటి చోట తర్వాతి చెకప్పులు చూపించుకోవచ్చు. కానీ క్యాన్సిల్ మీద కాదు, సెలవు మీద పొండి. ఆరు నెలలు దాటకుండా తిరిగి రండి, దాటితే అకామా పోతుంది. టిక్కెట్టుకి కూడా గతి లేకపోతే మన ఎంబసీలో 2009 నుంచి సంక్షేమ నిధి ఉంది, అడగడానికి మొహమాటం వద్దు.

తమ్ముడు ఇప్పుడు కిందమంచం మీద ఉన్నాడు, యాభై రెండో రోజు. ఫోర్‌మన్ రెండుసార్లు ఫోన్ చేశాడు. మీ రూములో కూడా ఇలాంటివాళ్ళు ఉంటే డిశ్చార్జి కాగితం, బతాకా కాపీ, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు పట్టుకుని శుక్రవారం నా దగ్గరికి రండి. కాగితం ఏదైనా సంతకం పెట్టకముందే తెండి, పెట్టాక కాదు.