వాడుక పేరు, శాస్త్రీయ నామం: చదును చేపలు చెప్పే పాఠం

విస్తరణ సాహిత్యంలో స్థానిక నామాలను తొలగించి శాస్త్రీయ నామాలను మాత్రమే ఉంచడం కచ్చితత్వానికి నిదర్శనమని కొందరు భావిస్తున్నారు. ఈ భావన సగమే సరైనది. ద్వినామ పద్ధతిని స్థిరపరచిన లిన్నేయస్ స్వదేశమైన స్వీడన్‌లో చదును చేపలకున్న పేర్లను ఇంగ్లీషు పేర్లతో పోల్చి చూస్తే ఈ విషయం స్పష్టమవుతుంది.

పిల్లదశలో ఈ చేపలకు ఇరుపక్కలా ఒక్కొక్క కన్ను ఉంటుంది. ఎదిగేకొద్దీ ఒక కన్ను రెండవ పక్కకు జరుగుతుంది. అప్పటినుండి చేప గుడ్డిపక్కను అడుగునేలకు ఆనించి జీవిస్తుంది. అన్నింటి ఆకారమూ దాదాపు ఒకటే కావడం వల్ల వీటిని వేరుపరచడం కష్టం. ఇంగ్లీషులో టర్బాట్, బ్రిల్ అనే రెండు చేపలను స్వీడిష్ జాలరులు పిగ్‌వార్, స్లేట్‌వార్ అంటారు. పిగ్ అంటే ముల్లు, స్లేట్ అంటే నునుపు. మొదటిదాని చర్మంపై ఎముక బొడిపెలుంటాయి, రెండవదానికి ఉండవు. అంటే గుర్తించే విధానం పేరులోనే ఉంది. నేటి ఇంగ్లీషు పాఠకునికి టర్బాట్, బ్రిల్ అనే మాటలు ఆ భేదాన్ని తెలియజేయవు. సోల్ అనే మాటకు మూలం చెప్పు అనే అర్థమిచ్చే లాటిన్ పదం. అదే చేప స్వీడిష్‌లో షోటుంగా, అంటే సముద్రపు నాలుక.

అయితే వాడుక పేర్లకు పరిమితులున్నాయి. ఐరోపాలో డోవర్ సోల్ అంటే సోలియా సోలియా, అమెరికా పసిఫిక్ తీరంలో అదే పేరు మైక్రోస్టోమస్ పసిఫికస్‌ది. లెమన్ సోల్ అసలు సోల్ కుటుంబానికి చెందినదే కాదు. స్వీడిష్‌లో 'ఎర్ర నాలుక' అనే అర్థమిచ్చే రోద్‌టుంగా కూడా ఆ కుటుంబానికి వెలుపలిదే. బాల్టిక్ సముద్రంలో ఫ్లౌండర్ అనే ఒకే పేరు కింద రెండు జాతులున్నట్లు 2018లో వెల్లడైంది. ఒకటి లోతు నీటిలో తేలే గుడ్లను, మరొకటి తీరప్రాంతంలో అడుగుకు చేరే గుడ్లను పెడుతుంది. కంటికి రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. కాని ఒకదాని సంతతి క్షీణిస్తే ఉమ్మడి లెక్కలో అది బయటపడదు.

శాస్త్రీయ నామమూ శాశ్వతం కాదు. లిన్నేయస్ 1758లో ప్లూరోనెక్టిస్ మాక్సిమస్ అన్న టర్బాట్ తరువాత సెట్టా మాక్సిమా అయింది, నేడు స్కాఫ్తాల్మస్ మాక్సిమస్. పిగ్‌వార్ మాత్రం పిగ్‌వార్‌గానే ఉంది. ఐరోపా సమాఖ్య 2013 నాటి నిబంధనలో, వినియోగదారునికి అమ్మే చేపలకు వ్యాపార నామంతోపాటు శాస్త్రీయ నామాన్ని కూడా తెలపాలని కోరడం సమంజసం.

మనకూ ఈ సమస్య కొత్తది కాదు. ఊద అన్న మాట ఒకచోట వరిలో కలుపు, మరొకచోట తినే చిరుధాన్యం. వరిలోని కలుపులోనూ ఎకైనోక్లోవా జాతులు ఒకటికి మించి ఉన్నాయి. జాతి తెలియకుండా కలుపుమందు సిఫారసు చేస్తే నష్టపోయేది రైతు. రైతు పలికే పేరు లేకుండా కరపత్రం ముద్రిస్తే అది అతనికి చేరదు. కాబట్టి ప్రతి సిఫారసులోనూ రెండు పేర్లూ ఉండాలి. గ్రామీణ అనుభవ కార్యక్రమానికి వెళ్లే విద్యార్థులు ప్రతి స్థానిక నామాన్నీ గ్రామం, జిల్లా వివరాలతో నమోదు చేసి, ఎండబెట్టిన నమూనాను జతచేయాలి. నమూనా లేని పేరును తరువాతి పరిశోధకుడు సరిచూడలేడు.