పుస్తకం చేతికిచ్చి పరీక్ష పెట్టండి

గౌరవనీయులైన వైస్ ఛాన్సలర్ గారికి,

గురజాడ ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో ప్రదర్శితమైంది, 1897లో అచ్చయింది. 1909లో ఆయన దాన్ని దాదాపు కొత్త నాటకంలా తిరగరాశారు. మధురవాణి పాత్ర ఎంత పెరిగిందో తెలియాలంటే రెండు కూర్పులూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. మన లైబ్రరీలో మొదటిది లేదు. గేటు బయట జిరాక్స్ షాపులో గైడ్లు మాత్రం దండిగా ఉన్నాయి!

పరీక్షలో ఏటా అదే ప్రశ్న: గిరీశం పాత్ర చిత్రణ. నాటకం తెరవనివాళ్లకూ మార్కులు బాగానే పడుతున్నాయి. సొంతంగా ఆలోచించి రాస్తే ‘సిలబస్‌లో లేదు’ అంటూ ఎర్రసిరా గీత.

మొదటి కూర్పు కూడా తెప్పించండి. వచ్చే సెమిస్టర్‌లో ఒక్క పేపరైనా మూలగ్రంథం ఎదురుగా పెట్టి రాయించండి.

ఇట్లు,
ఎమ్మే తెలుగు విద్యార్థిని