జీనా కింద నిప్పు



మొన్న చీపురుపల్లిలో మా దూరపు ఖాలాజాన్ ఇంటికి దావత్‌కి వెళ్ళాను. దర్వాజా దాటగానే జీనా. జీనా కింద చెక్క అలమారా. అందులో రెండు కరెంటు మీటర్లు, పాత ఫ్యూజులు, పైన గుట్టగా పాత అఖ్బార్లు, కింద చెప్పులు. అలమారాని ఆనుకుని నిండు గ్యాస్ బండ. అలమారాకి సన్‌మైకా అంటించి తాళం వేశారు. "మీటర్లు కనబడితే బాగోదు కదా బేటా" అన్నారు ఖాలా. తాళంచెవి అడిగితే బిర్యానీ చల్లారేదాకా వెతికారు.

కోపం వచ్చింది. దావత్‌లో చూపించలేక ఇక్కడ రాస్తున్నాను.

2025 మే 18, ఆదివారం తెల్లవారుజాము. హైదరాబాద్ చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో ఒకే ఖాన్‌దాన్‌కి చెందిన 17 మంది పోయారు. వారిలో ఎనిమిది మంది పిల్లలు. షార్ట్ సర్క్యూటే కారణమై ఉంటుందని అగ్నిమాపక శాఖ మొదట చెప్పింది. నిప్పు కింద అంతస్తులో పుట్టింది. పైనున్నవాళ్ళు దిగడానికి ఉన్నది ఒక్క మీటరు వెడల్పు జీనా. మంట వాళ్ళను చేరకముందే పొగ చేరింది. చుట్టుపక్కల మన కుర్రాళ్ళు పరుగెత్తి గోడ పగలగొట్టారు. వాళ్ళకు అల్లాహ్ అజ్ర్ ఇవ్వాలి. కానీ దారి లేని ఇంట్లో ధైర్యం ఎంతసేపు పనిచేస్తుంది?

ఈ మాట చెబితే మనవాళ్ళ జవాబు సిద్ధంగా ఉంటుంది: "జో తక్దీర్ మే హై." ఖాలా ఇంటి వైరింగు చేసినాయనదీ అదే జవాబు, మన ఉత్తరాంధ్ర యాసలో: "ఏటవుద్ది భాయ్, ఇరవై ఏళ్ళ బట్టి ఏటీ అవనేదు కదా!" ఒంటెను కట్టి తవక్కుల్ చేయమన్న హదీసు అందరికీ కంఠస్థమే. దాన్ని వ్యాపారానికి వాడతాం, పిల్లల చదువుకి వాడతాం, ఇంటికి మాత్రం వాడం. మదీనాలో ఒక ఇల్లు రాత్రిపూట ఇంటివాళ్ళ మీదే కాలిపోతే, రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం నిప్పును మనిషికి దుష్మన్ అన్నారు, పడుకునేముందు ఆర్పేయమన్నారు. బుఖారీ షరీఫ్‌లో ఉంది. ఎలుక దీపం వత్తి లాక్కెళ్ళి ఇల్లు తగలబెట్టగలదని కూడా హెచ్చరించారు. ఎలుకను కూడా లెక్కలోకి తీసుకున్న దీన్ మనది. మనమేమో తీసుకెళ్ళి మీటరును చెక్కపెట్టెలో పెడతాం.

మీటరు తనంతట తాను అంటుకోదు. టెర్మినల్ దగ్గర స్క్రూ వదులైతే ఆ చోటే వేడెక్కుతుంది. కరెంటు మామూలుగానే పారుతుంటుంది కాబట్టి ఎంసీబీకి ఏ సంగతీ తెలియదు, పడిపోదు. రెండు బల్బులూ ఒక ఫ్యానూ ఉన్న రోజుల్లో వేసిన తీగ మీద ఇప్పుడు ఏసీ, గీజర్, మిలాద్‌కి సీరియల్ బల్బులు. వేడికి తీగ మీది ప్లాస్టిక్ కరుగుతుంది. చుట్టూ ఇనుమో మంట పట్టని పాలికార్బొనేటో ఉంటే మంట అక్కడే చచ్చిపోయే అవకాశం ఉంది. ప్లైవుడ్డూ సన్‌మైకా ఉంటే అదే మేత. ఇనప పెట్టెకైతే ఎర్తింగు తప్పనిసరి. లేకపోతే నిప్పు నుంచి తప్పించుకుని షాక్‌కి దొరుకుతాం.

గ్యాస్ సంగతి దీనికి పూర్తిగా ఉల్టా. పెద్ద నగరాల్లోలాగా పైపు గ్యాసూ దాని మీటరూ కాదు, మన ఇళ్ళలో ఉన్నది 14.2 కిలోల బండ. ఎల్పీజీ గాలికంటే బరువు. లీకైతే నేలమీద నీళ్ళలా పరుచుకుని జీనా కింద గుంటలో నిలుస్తుంది. బండను మూసి పెట్టకూడదు, నేల మట్టంలో గాలి ఆడాలి. గ్యాస్ వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోవద్దని అందరూ చెబుతారు. మరి మెయిన్ స్విచ్చే బండ నెత్తిమీద ఉంటే? దాన్ని దించినా రవ్వే కదా! బండ వాల్వు కట్టేసి, తలుపులు బార్లా తెరిచి, పిల్లల్ని తీసుకుని బయటికి పోయి 1906కి ఫోన్ చేయాలి. ఖాలా ఇంట్లో బయటికి పోయే దారి కూడా ఆ బండ పక్కనుంచే.

ఇంత చెప్పాక ఖాలా అసలు బహానా బయటపెట్టారు. రీడింగు అబ్బాయి లోపలికి రాకూడదని, పర్దా కోసమని, మీటరు జీనా కింద పెట్టించారట. పర్దాని నేనూ కాదనను. అయితే మీటరును గుమ్మం బయట గోడకి, వాన తగలనిచోట, మంట పట్టని పెట్టెలో పెట్టించండి. అబ్బాయి గేటు దగ్గరే చూసుకుని పోతాడు. పర్దా ఇంకా బాగా నిలుస్తుంది. మెట్ల దారిలో కరెంటు షాఫ్టులు, గ్యాస్ పైపులు తెరుచుకోకూడదని జాతీయ భవన నిర్మాణ కోడ్ కూడా అంటుంది.

కరెంటు శాఖకూ ఒక మాట. మీటరు మీది. సీలు మేం ముట్టుకుంటే నేరం. ఆ సీలు లోపల స్క్రూ బిగుతుగా ఉందో లేదో చూడాల్సిందీ మీరే. బిల్లు కొట్టడానికి నెలనెలా వస్తారు. స్క్రూ చూడడానికి ఎప్పుడొస్తారు? 2025లో స్మార్ట్ మీటర్ల మీద రాష్ట్రమంతా గొడవ జరిగింది. అంతా బిల్లు గురించే. కొత్త మీటరును ఏ పెట్టెలో, ఏ గోడకి పెడతారని అడిగిన జులూస్ ఒక్కటీ నా కంటపడలేదు. మన మస్జిద్ కమిటీలూ అడగలేదు. రంజాన్ లైటింగుకి చందా రాసే ఆ పుస్తకంలోనే, ఒక వైర్‌మన్‌ని పిలిచి మహల్లాలో జీనా జీనా చూపించే ఖర్చు కూడా రాయొచ్చు.

ఆ సాయంత్రమే నేనూ ఖాలా అబ్బాయీ బండను మోసుకెళ్ళి వంటింటి కిటికీ కిందికి మార్చాం. ట్యూబు మీద ముద్రించిన గడువు ఎప్పుడో దాటిపోయింది, మర్నాడు కొత్తది తెచ్చాడు. అఖ్బార్లు పాతపేపర్లవాడికి పోయాయి. అలమారా మాత్రం ఇంకా అక్కడే ఉంది. వడ్రంగి ఈద్ తర్వాత వస్తానన్నాడట. తాళం తీయించేశాను.