మాత్ర ఒక్కటే మోయలేదు

బీపీకి మాత్ర వేసుకుంటే ఎవరూ ఏమీ అనరు. డిప్రెషన్‌కు వేసుకుంటే 'పిచ్చి మందు' అంటారు. ఆ మాటకు జడిసి మధ్యలో మానేసే రైతులున్నారు. ఈ మందు గుణం కనపడటానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. కాస్త తేలికపడగానే డాక్టరును అడగకుండా ఆపితే జబ్బు తిరగబెడుతుంది.

అయితే నిద్ర పట్టినంతలో బతుకు బాగుపడదు. తెల్లారేసరికి వడ్డీవ్యాపారి గుమ్మంలో ఉంటే, కౌలుదారుకు బ్యాంకు అప్పు పుట్టకపోతే, ఆ బరువంతా ఒక్క మాత్ర ఎలా మోస్తుంది? మనిషి మళ్లీ పొలానికి పోవాలి, నలుగురిలో కూర్చోవాలి, పిల్లలతో మాట్లాడాలి. కోలుకోవడమంటే అది.

మానసిక వైద్యం ప్రజల హక్కని 2017 చట్టం చెప్పింది. మరి నెలనెలా కూలి పోగొట్టుకుని, బస్సు చార్జీ పెట్టుకుని జిల్లా ఆస్పత్రికి ఎందుకు తిరగాలి? మందులు మండల పీహెచ్‌సీలోనే ఇవ్వాలి. చికిత్సలో ఉన్న రైతు అప్పు వసూలు ఆపి, వాయిదాలు మార్చాలి. ఈ రెండూ మన సంఘం డిమాండ్లు కావాలి.

గ్రామ కమిటీలు కూడా ఒక పని చేయాలి. మందు వాడుతున్న రైతు ఇంటికి వెళ్లి పలకరించాలి, మీటింగుకు పిలవాలి. 14416 టెలి మానస్ నంబరు గోడ మీద రాయాలి. రాత్రీపగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.