అమ్రాబాద్ సఫారీకి వచ్చే పిల్లల కోసం



గద్వాల, వనపర్తి నుంచి సెలవు రోజున పిల్లాపాపలతో బయలుదేరే కుటుంబాలకు పులుల అడవి మరీ దూరం కాదు. నాగర్‌కర్నూల్ జిల్లాలో అచ్చంపేట దాటితే మన్ననూరు, ఆపైన ఫర్హాబాద్. అక్కడి నుంచి సఫారీ జీపు మట్టిబాటలో నల్లమల లోపలికి సాగుతుంది. దారిలో దుప్పులు, కొండముచ్చులు, నెమళ్లు, అదృష్టముంటే ఎలుగుబంటి. చివర వ్యూపాయింట్ దగ్గర పిల్లలు కేరింతలు కొడతారు, పెద్దలు మాట మరిచిపోతారు.

పులి మాత్రం చాలామందికి కనిపించదు.

అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. అంత అడవిలో పులి తన దారిన తాను తిరుగుతుంది. "పులేదీ?" అని పిల్లలు నిలదీసినప్పుడు పాదముద్రను, చెట్టు మీది గోళ్ల గీతలను చూపించి, దుప్పి ఎందుకు అరిచిందో చెప్పేవాళ్లు పక్కన ఉండాలి. ఆ విద్య చెంచులది. తరాలుగా ఈ కొండల్లో తేనె తీసి, దుంపలు తవ్వి బతికిన వాళ్లకంటే మంచి గురువులు ఇక్కడ దొరకరు.

అందుకే తెలంగాణ అటవీ శాఖ ఉన్నతాధికారులకు మూడు విన్నపాలు. ప్రతి జీపులో చెంచు గైడు ఉండాలి, వారికి నెలనెలా జీతం అందాలి. టికెట్ డబ్బులో కొంత వాళ్ల పెంటల్లోని (గూడేల్లోని) బడికీ వైద్యానికీ చేరాలి. వానాకాలంలో సఫారీ మూసే తేదీలను గద్వాల, వనపర్తి బస్టాండుల్లో తెలుగులో ముందే ప్రకటించండి.