ఆటలో ఓడితే మళ్ళీ ఆడొచ్చు



కిందటి నెల ఒక ఆదివారం పొద్దున యూనియన్ ఆఫీసులో చందా పుస్తకాలు సరిచూసుకుంటుంటే, మన సాంచాల కార్మికుని కొడుకు ఒకడు లాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చాడు. కాలేజీలో కంప్యూటర్ చదువుతున్న పిల్లవాడు. "కాకా, నియంతను గద్దె దించే ఆట ఉంది, చూస్తారా?" అన్నాడు. మేము నవ్వాం. వీడియో గేమ్ అంటే మనకు తెలిసింది తుపాకులు పేల్చడం, కార్లు గుద్దడం. రెండో షిఫ్టు దిగి ఇంటికి పోయేసరికి మన పిల్లలు ఫోన్లు పట్టుకుని చేసేది అదే కదా. ఈ ఆటలో మాత్రం ఆడేవాడి చేతికి తుపాకీ ఇవ్వరు. రెండు గంటలు దాని ముందు కూర్చుండిపోయాం. చందా లెక్క ఆ రోజు తేలలేదు.

షోలాపూర్ కార్మికుల పత్రికలో కూలిరేటు సంగతి రాయకుండా ఆటల గురించి రాస్తున్నారేమిటని కొందరు అడగవచ్చు. కూలిరేటు సంగతే రాస్తున్నాం. కొంచెం ఓపిక పట్టండి.

ఆ ఆట పేరు "ఎ ఫోర్స్ మోర్ పవర్‌ఫుల్". అంతకంటే బలమైన శక్తి అని అర్థం. 2006లో అమెరికాలో వచ్చింది. తయారుచేసింది బ్రేక్‌అవే అనే కంపెనీ. అమెరికా సైన్యానికి శిక్షణ ఆటలు చేసిపెట్టే కంపెనీ అది! చేయించింది వాషింగ్టన్‌లోని అహింసా పోరాటాల అధ్యయన కేంద్రం. సలహా చెప్పిన వారిలో ముఖ్యుడు ఇవాన్ మరోవిచ్ అనే సెర్బియా యువకుడు. తన దేశంలో నియంతను దించిన "ఒత్పోర్" విద్యార్థి ఉద్యమంలో పనిచేసినవాడు. తరువాత 2010లో "పీపుల్ పవర్" అని ఇంకో ఆట కూడా వచ్చింది.

ఆడే తీరు చదరంగం లాంటిది. మీ ఎత్తు ఒకటి, ప్రభుత్వం ఎత్తు ఒకటి. దేశాల పేర్లు కల్పితం, కథలు మాత్రం నిజంగా జరిగినవాటిని చూసి అల్లినవి. అలాంటి ఘట్టాలు పది ఉన్నాయి. కరపత్రాలు పంచడం, నిధి పోగుచేయడం, కార్యకర్తలకు శిక్షణ ఇవ్వడం, బహిష్కారం, ఊరేగింపు, సమ్మె, ఇవన్నీ మీ చేతిలో ఉంటాయి. అవతల అరెస్టులు, లాఠీలు, బెదిరింపులు ఉంటాయి. జనంలో భయం ఎంత ఉంది, ఉత్సాహం ఎంత ఉంది అన్నది కూడా ఆటే లెక్కకడుతుంది. భయం తగ్గకముందే సమ్మెకు పిలిస్తే ఎవరూ రారు, మీ మనుషులు జైలుకు పోతారు. మేము మొదటి గంటలోనే మూడుసార్లు ఓడిపోయాం. ముప్పై ఏళ్ళుగా యూనియన్ నడుపుతున్నవాళ్ళం ఓడిపోతుంటే పిల్లవాడు నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వాడు.

ఈ ఆట వెనుక ఉన్న అసలు కథలు మనకు ముఖ్యం. అందులో చాలావరకు కార్మికుల కథలే.

సెర్బియా సంగతి తీసుకోండి. స్లొబొదాన్ మిలొసెవిచ్ పదేళ్ళకు పైగా ఆ దేశాన్ని పట్టి పీడించాడు. ఒత్పోర్ పిల్లలు 1998లో పిడికిలి గుర్తు పెట్టుకుని బయలుదేరారు. ఒకసారి బెల్‌గ్రేడ్ బజారులో మిలొసెవిచ్ బొమ్మ అంటించిన పీపా ఒకటి పెట్టారు, పక్కన ఒక కర్ర. ఒక దీనారం వేసి దెబ్బ కొట్టమన్నారు. జనం వరుస కట్టారు. పోలీసులు వచ్చేసరికి పెట్టినవాళ్ళు లేరు. ఎవరిని పట్టుకోవాలో తెలియక పీపాను మోసుకుపోయారు. ఊరంతా నవ్వింది. నవ్వినవాడికి భయం కొంత పోతుంది, అది వాళ్ళకు తెలుసు.

అయితే నవ్వుతో మాత్రమే మిలొసెవిచ్ దిగలేదు. 2000 సెప్టెంబర్ 24న ఎన్నికలు జరిగాయి. ప్రతిపక్షం గెలిచింది. ఎన్నికల సంఘం మాత్రం సగం ఓట్లు రాలేదు, రెండో విడత పెట్టాలన్నది. అప్పుడు కొలుబరా బొగ్గు గనుల కార్మికులు సుమారు 7500 మంది సెప్టెంబర్ 29న పని ఆపేశారు. దేశంలో తయారయ్యే కరెంటులో దాదాపు సగం ఆ బొగ్గు మీదే నడుస్తుంది. ప్రభుత్వానికి చెమటలు పట్టాయి. అక్టోబర్ 4న గనులను స్వాధీనం చేసుకోవడానికి పోలీసులు దిగారు. చుట్టుపక్కల ఊళ్ళనుంచి వేలాది జనం, ముసలివాళ్ళతో సహా, అడ్డుగా పెట్టిన వాహనాలను నెట్టుకుని కార్మికుల దగ్గరికి వచ్చారు. పోలీసులు పక్కకు తప్పుకున్నారు. మరునాడు లక్షల మంది బెల్‌గ్రేడ్‌లో పార్లమెంటు ముందు నిలబడ్డారు. అక్టోబర్ 6న మిలొసెవిచ్ ఓటమి ఒప్పుకున్నాడు.

విద్యార్థులు రెండేళ్ళు జనంలో భయం పోగొట్టారు. కార్మికులు అయిదారు రోజులు బొగ్గు ఆపారు. ఈ రెండింటిలో ఏది లేకున్నా ఆ పని అయ్యేది కాదని మా అభిప్రాయం. ఎప్పుడు ఆపాలో గని కార్మికులకు తెలియడం మరీ ముఖ్యం. ఏడాది ముందే ఆపి ఉంటే వాళ్ళను గనుల్లోనే పాతేసేవారు.

చిలీలో సంగతి ఇంకా గమనించదగినది. అక్కడ 1973 నుంచి జనరల్ పినోచెట్ సైనిక పాలన. పదేళ్ళ తరువాత రాగి గని కార్మికుల సమాఖ్య 1983 మే 11న సార్వత్రిక సమ్మె అని ప్రకటించింది. అధ్యక్షుడు రొదొల్ఫో సెగెల్‌కు ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. సమ్మె రోజు దగ్గరికి వచ్చేసరికి గనుల చుట్టూ సైన్యం దిగింది. సమ్మె జరిగితే రక్తపాతమే. అప్పుడు వాళ్ళు సమ్మె పిలుపు మార్చారు. పనికి పోండి, కానీ మెల్లగా చేయండి; పిల్లలను బడికి పంపకండి; బజారులో ఏమీ కొనకండి; రాత్రి ఎనిమిది గంటలకు గిన్నెలు మోగించండి అన్నారు. ఆ రాత్రి రాజధాని శాంటియాగో గిన్నెల మోతతో దద్దరిల్లింది. పదేళ్ళుగా ఎవరికి వారు ఒంటరిమని అనుకుంటున్నవాళ్ళు పక్కింటి గిన్నె చప్పుడు విన్నారు. సెగెల్ ఉద్యోగం పోయింది, జైలుకూ పోయాడు. పినోచెట్ దిగడానికి ఇంకా ఏళ్ళు పట్టింది. 1988 అక్టోబర్ 5న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో జనం వద్దన్నాక, 1990 మార్చిలో దిగాడు.

ప్రకటించిన సమ్మెను మార్చుకోవడమంటే మన దగ్గర పిరికితనం అంటారు. గేటు మీటింగులో నిలబడి ఆ మాట చెప్పగలిగిన నాయకుడికి ఎంత గుండె కావాలో ఒకసారి ఆలోచించండి.

పోలండ్ కథ చాలామందికి తెలిసిందే. 1970 డిసెంబర్‌లో ధరలు పెంచితే గ్దాన్స్క్ ఓడల కార్ఖానా కార్మికులు వీధుల్లోకి వచ్చారు. సైన్యం కాల్చింది. ఆ తీరంలోని ఊళ్ళన్నీ కలిపి నలభై మందికి పైగా పోయారు. పదేళ్ళ తరువాత, 1980 ఆగస్టులో, పింఛనుకు ఇంకా అయిదు నెలలు ఉండగా ఆన్నా వలెంటినోవిచ్ అనే క్రేను కార్మికురాలిని పనిలోంచి తీసేస్తే మళ్ళీ సమ్మె కట్టారు. ఈసారి వీధిలోకి రాలేదు. గేట్లు మూసుకుని లోపలే కూర్చున్నారు. 1970లో చచ్చిపోయినవాళ్ళు నేర్పిన పాఠం అది. మూడో రోజున యాజమాన్యం తమ కోర్కెలు ఒప్పుకోగానే లెక్ వలేసా సమ్మె అయిపోయిందని ప్రకటించాడు. మిగతా ఫ్యాక్టరీల వాళ్ళ గతి ఏమిటని గేటు దగ్గర అడ్డం నిలబడింది ఆడవాళ్ళు. వలెంటినోవిచ్ వారిలో ఒకరు. ఆ పూట వాళ్ళు ఆపకపోతే సాలిడారిటీ అనే యూనియనే పుట్టేది కాదు.

ఇక ఆటలో మాకు నచ్చనివి.

మొదటిది, దీనికి డబ్బు పెట్టిన కేంద్రాన్ని 2002లో నెలకొల్పిన వారిలో ముఖ్యుడు పీటర్ ఆకర్‌మన్. వాల్ స్ట్రీట్‌లో అప్పులు తెచ్చి కంపెనీలను కొనే బేరాలు కుదిర్చి ధనవంతుడైనవాడు. ఒత్పోర్‌కు కూడా అమెరికా సంస్థల డబ్బు అందింది, అది దాచిన విషయం కాదు. అంతమాత్రాన ఆ కార్మికుల పోరాటం అబద్ధం కాదు. కానీ ఆట నియంత దిగడంతో అయిపోతుంది. సెర్బియా కార్మికుడి కథ అక్కడ అయిపోలేదు. 2001 తరువాత ప్రభుత్వ ఫ్యాక్టరీలు అమ్మకానికి పోయాయి, ఎందరో పనులు పోగొట్టుకున్నారు. ఆ ఘట్టం ఆటలో లేదు.

రెండోది ఇంకా పెద్దది. ఆటలో మీరు ఒక్కరే ఎత్తు వేస్తారు. సమ్మె అని నొక్కితే మీ మనుషులు సమ్మెకు పోతారు. ఓడితే మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టవచ్చు.

ఇక్కడ మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. దాదాపు ముప్పై ఏళ్ళ కింద, ఒక మిల్లులో, మేము కమిటీలో కొత్తగా చేరిన రోజుల్లో, దసరా ముందు సమ్మెకు దిగాం. నిర్ణయం చేసింది ఏడుగురం, ఒక చాయ్ హోటల్లో కూర్చుని. జనరల్ బాడీ పెడితే యాజమాన్యానికి తెలిసిపోతుందని పెట్టలేదు. సమ్మె నిధి లేదు. గోడౌన్ నిండా సరుకు ఉన్నదని, మేము ఆగితే యాజమాన్యానికి నష్టం లేదని కనుక్కోలేదు. నలభై ఒకటో రోజు పాత జీతానికే లోపలికి పోయాం. తొమ్మిది మంది బదిలీ కార్మికులను మళ్ళీ గేటు దాటనివ్వలేదు. వారిలో ఒకతను భివండికి పోయాడు. ఇక్కడ ఆయన భార్య బీడీలు చుట్టి ఇల్లు నడిపింది. పెద్ద బిడ్డ ఏడో తరగతిలో బడి మాని తల్లి పక్కన చాట పట్టుకుని కూర్చున్నది. ఆమె ఇప్పటికీ బజారులో కనిపిస్తే నమస్తే పెడుతుంది. మేము తలెత్తి మాట్లాడలేం.

బొంబాయిలో 1982 జనవరి 18న మొదలైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది దిగారు. మన పద్మశాలి ఇండ్లు ఎన్నో అందులో ఉన్నాయి. వాళ్ళ ధైర్యానికి లోటు లేదు. తిరిగి వచ్చే దారి ఎవరూ వేసి ఉంచలేదు. ఈ షోలాపూర్‌నే చూడండి. 1930 మేలో గాంధీజీని అరెస్టు చేస్తే మన తాతల కాలపు మిల్లు కార్మికులు వీధిలోకి వచ్చారు. కాల్పుల తరువాత కోపం ఆగక పోలీసు చౌకీలు తగలబెట్టారు. తెల్లదొరలకు మార్షల్ లా పెట్టడానికి అదే సాకైంది. 1931 జనవరి 12న ఎరవాడ జైలులో నలుగురిని ఉరి తీశారు. ఆ నలుగురి విగ్రహాల ముందునుంచే మనం రోజూ షిఫ్టుకు పోతున్నాం.

కిందటి మీటింగులో మన యువ సభ్యులు, కూలిరేటు పెంచకుంటే సోమవారం నుంచే సాంచాలు బంద్ చేద్దామన్నారు. కమిటీ ఎందుకు నాన్చుతున్నదని గట్టిగానే అడిగారు. అడిగే హక్కు వారికి ఉంది. యజమానులు మాట తప్పినది కూడా నిజమే. కానీ ఈసారి ఏడుగురం చాయ్ హోటల్లో తేల్చే పని లేదు. టవళ్ళ ఆర్డర్లు ఏ నెలలో ఎక్కువ ఉంటాయో, గోడౌన్లలో సరుకు ఎంత ఉందో, ఎన్ని రోజులు మన ఇండ్లలో పొయ్యి వెలుగుతుందో ముందు లెక్క తీద్దాం. బీడీ చుట్టే ఆడవాళ్ళను కూడా పిలుస్తున్నాం. సమ్మె రోజుల్లో ఇల్లు నడిపేది వాళ్ళే గనుక చేయి ఎత్తే ముందు వాళ్ళ మాట వినాలి.

వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు జనరల్ బాడీ. మొదట సమ్మె నిధి లెక్క చదువుతాం. మూడు నెలల చందా బాకీ ఉన్నవారు దయచేసి ముందురోజే కట్టండి. లాప్‌టాప్ పిల్లవాడిని కూడా రమ్మన్నాం. కరెంటు ఉంటే, మేము మూడుసార్లు ఎట్లా ఓడిపోయామో అందరికీ చూపిస్తాడు.